దీపం చూపకముందు తీసిన గిన్నె

పోయిన వారం క్లాంగ్‌లో నేను వెళ్ళే క్లినిక్‌లో నర్సమ్మాయి నా చేతిలో చీటీ పెట్టి, "ఆంటీ, గురువారం పువాసా ఉండి రండి, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగొద్దు" అంది. మా మలేషియాలో రంజాన్ నెలలో మలయ్ ముస్లింలు ఉండే ఉపవాసాన్నీ పువాసా అనే అంటారు, రక్తపరీక్షకి కడుపు ఖాళీగా ఉంచుకోవడాన్నీ పువాసా అనే అంటారు. తలకి గుడ్డ చుట్టుకున్న ఆ పిల్లకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, నవ్వుతూనే చెప్పింది. నేను మాత్రం ఆ మాట వినగానే కౌంటర్ అంచు పట్టుకున్నాను. "మరి పొద్దున చక్కెర జబ్బు బిళ్ళ?" అని అడిగాను. "అయ్యో వద్దు, తినకుండా బిళ్ళ వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారు" అని కంగారుపడి, చీటీ మీద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది. ఆ సంగతి నాకు తెలుసమ్మా, పదమూడేళ్ళుగా తెలుసు అని చెబుదామనుకున్నాను. నా వెనక వరసలో ఇంకా ఆరుగురున్నారు. చీటీ మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

తెలిసింది మా పెద్దత్త వల్ల. పెద్దత్త అంటే మా నాన్న అక్క. నాన్న చెల్లెలు చిన్నత్త. ముగ్గురూ బంటింగ్ దగ్గరి రబ్బరు ఎస్టేట్‌లో పుట్టారు. వాళ్ళ అమ్మ, అంటే మా మామ్మ, జబ్బుపడి మంచం మీదున్న మూడు నెలలూ ఎస్టేట్ చర్చి వాళ్ళు రోజూ ఒక గిన్నెడు గంజీ, కాల్చిన ఎండుచేపా తెచ్చి పెట్టారట. ఎవరూ అడగలేదు, తెచ్చినవాళ్ళు కూడా మా దేవుడిలోకి రండి అని ఒక్కసారీ అనలేదు. మామ్మ బతకలేదు గాని, పదిహేనేళ్ళ పెద్దత్త ఆ గంజి గిన్నె వెనకాలే నడుచుకుంటూ చర్చికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక మా నాన్న వెళ్ళాడు. చిన్నత్త అప్పటికి మరీ చిన్నపిల్ల. పెద్దదయ్యాక క్లాంగ్‌లో ఒక బస్సు డ్రైవర్ని చేసుకుంది. ఆయన తాత తెలుగు, మిగతా అందరూ తమిళం. పసుపూ కుంకుమా పెట్టుకుని ఆవిడ అమ్మోరి దగ్గరే ఉండిపోయింది. అలా ఒకే కడుపున పుట్టిన ఇద్దరు ఆడవాళ్ళు చెరో దారిన పోయి కూడా, వారానికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకోకుండా ఉండలేకపోయారు. నేను మాత్రం అమ్మా నాన్నా పోయిన తర్వాత, పిల్లల్లేని పెద్దత్త దగ్గరే బంటింగ్‌లో ఉండిపోయాను. పెళ్ళెందుకు కాలేదన్నది వేరే కథ, దాన్లో పెద్దగా సరుకు లేదు.

తిండి విషయంలో పెద్దత్తకి నియమం ఒక్కటే. విగ్రహానికి చూపించినది ఏదీ నోట పెట్టదు. పంది తినేది, గొడ్డు తినేది, కొబ్బరి ముక్క మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా ముట్టేది కాదు. క్లాంగ్‌లో అరిటాకు భోజనం హోటల్‌కి తీసుకెళ్తే, కూర్చునేలోపు గల్లాపెట్టె వెనక ఉన్న పటం వంక చూసేది, దాని ముందు ఇడ్లీ ఏమన్నా పెట్టారా అని. పెట్టి ఉంటే వడ్డించే ఆయన్ని పిలిచి, "అణ్ణే, సామికెట్టిన ఇడ్లీ ఏ వాయిలోది?" అనేది. మొదటి వాయిలోదంటే, రెండో వాయివి తెమ్మనేది. ఆయన వంటింట్లోకి వెళ్ళి ఒక నిమిషం ఊరికే నిలబడి అవే ఇడ్లీలు తెచ్చేవాడని నాకు గట్టి అనుమానం. కాని ఎప్పుడూ బయటపెట్టలేదు, ఆకలి నాక్కూడా వేసేది కదా.

ఈ నియమాన్ని మా అందరికంటే ఎక్కువ కాపాడింది చిన్నత్త. దీపావళి కానీ, పొంగల్ కానీ, ఇంట్లో చిన్న పూజ కానీ, వండినవి దేవుడి ముందు పెట్టి దీపం చూపకముందే, పెద్దత్తకీ నాకూ ఒక స్టీలు గిన్నెలో తీసేసేది. వడలు, పాయసం, పులిహోర, ఏది చేస్తే అది. మూత పెట్టి, పొరబాటున ఎవరూ మార్చకుండా ఆ మూతకి ఎర్రదారం కట్టి, పూజగది గాలి కూడా తగలకుండా వంటింటి గట్టు చివర పెట్టేది. "మా ఇంట్లో సామిది రెండో పంక్తి, ఒదినగారిది మొదటి పంక్తి" అని మామయ్య ఎగతాళి చేసేవాడు. చిన్నత్త నవ్వేది కాదు. ముప్ఫై ఏళ్ళలో ఆ గిన్నె ఒక్కసారీ తప్పలేదు. అందుకే చెల్లెలి ఇంటినుంచి వచ్చిన గిన్నె ఏదైనా సరే, ఎర్రదారం విప్పి, ఇంకేమీ అడక్కుండా తినేసేది పెద్దత్త.

పదమూడేళ్ళ కిందట పెద్దత్త కుడికాలి బొటనవేలిని చెప్పు కరిచింది. చక్కెర ఉన్న ఒళ్ళు, చిన్న పుండు పెద్దదయింది. వారం తిరిగేసరికి వేలి కొస నల్లబడింది. ఆసుపత్రిలో డాక్టరు ఆ వేలిని టార్చితో చూసి, నలుపు ఇక్కడే ఆగితే సరే, పైకి పాకితే మాత్రం మోకాలిదాకా తీసెయ్యాలి అన్నాడు. రెండు వారాలు గడువు పెట్టాడు. ఆ రెండు వారాలూ పొద్దున్నే పోర్ట్ క్లాంగ్‌లో ఆఫీసుకి వెళ్ళేముందు నేనే కట్టు మార్చేదాన్ని. కట్టు విప్పేటప్పుడు పెద్దత్త నా మొహంలోకి చూసేది, వేలి వంక చూసేది కాదు. నా మొహంలో ఏమీ కనబడకూడదని పళ్ళు బిగబట్టుకునేదాన్ని. చర్చివాళ్ళు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. చిన్నత్త వచ్చి, వేలు చూసి, వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చింది. ఆ సాయంత్రమే క్లాంగ్ వెళ్ళిపోయింది. పదోరోజున నలుపు అంచున ఎర్రటి మాంసం కనబడింది. కాలు దక్కింది. మా ప్రార్థన అన్నారు చర్చివాళ్ళు. మందు అన్నాడు డాక్టరు. నా కట్టు అని నేను లోపల్లోపల అనుకున్నాను. చిన్నత్తని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అది ఆడి మాసం. మా దగ్గర అమ్మోరి గుళ్ళన్నిటిలో పెద్ద పెద్ద అండాల్లో చోడి అంబలి కాచి జనానికి పోసే నెల అది. తమిళులు కూళ్ అంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నత్త స్టీలు క్యారియర్‌తో దిగింది. దాని నిండా చిక్కటి అంబలి, మజ్జిగ కలిపినది. పైన చిన్నుల్లిపాయలు, వేయించిన మజ్జిగ మిరపకాయలు. మూత తనే తీసి, గిన్నెలో పోసి అక్క చేతికిచ్చింది. పెద్దత్త గిన్నె ఎత్తి తాగి, "అమ్మ సేతి అంబలిలాగే ఉన్నాది" అని ఇంకో గిన్నె పోయించుకుంది. చిన్నత్త ఎదురుగా కూర్చుని, ఆఖరి గుటక దిగేదాకా అక్క గొంతు వంకే చూసింది. అప్పుడు గమనించాను, క్యారియర్ మూతకి ఎర్రదారం లేదు. నేను చూసిన సంగతి చిన్నత్త కూడా చూసింది. నేనేమీ అనలేదు. ఎందుకనలేదని ఇప్పుడెవరైనా అడిగితే, ఆదివారం పూట గొడవెందుకని అనుకున్నాననే చెప్పాలి, అంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

పది రోజులు ఏమీ జరగలేదు. పదకొండో రోజు మామయ్య ఫోన్ చేశాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, పైగా చెవుడొచ్చి గట్టిగా మాట్లాడతాడు, మాట చివర ఇక్కడందరిలాగే ఒక 'లా' తగిలిస్తాడు. ఫోన్ పెద్దత్త చెవి దగ్గరున్నా నాకు సోఫాలోకి వినబడింది. "ఒదినా, కాలెట్లా ఉన్నాది? అమ్మన్ కూళ్ తాగినాక అంతా సరి ఆయిడుచ్చా? మీ సెల్లి మొక్కుకున్నాది కదా, కాలు దక్కితే గుడిలో పోసింది తెచ్చి దాని సేత్తోనే తాగిత్తానని. మొక్కు తీరిపోనాది లా, ఇంక బయం లేదు!" పెద్దత్త సరేనని ఫోన్ పెట్టి, వెంటనే చెల్లెలి నంబరుకి చేసింది. "ఏటే, ఆ అంబలి గుడిదా?" అని ఒక్కటే అడిగింది. అవతల్నుంచి జవాబు రాలేదు. టక్కున పెట్టేసిన చప్పుడయింది.

పెద్దత్త కేకలేసి ఉంటే నాకింత భయం వేసేది కాదు. లేచి, ఉప్పునీళ్ళతో ఏడెనిమిదిసార్లు నోరు పుక్కిలించింది. తర్వాత కూర్చుని, చాలా మామూలుగా, సంతనుంచి ఏం తేవాలో చెప్పినట్టుగా చెప్పింది. "ఇరవయ్యొక్క రోజులు నీలు తప్ప ఏటీ ముట్టను. ఈ నోరెట్టుకుని ప్రబువు బల్లకాడికి ఎలా ఎల్తాను గుంటా?" ప్రభువు బల్ల అంటే నెలకోసారి చర్చిలో ఇచ్చే రొట్టె ముక్క, ద్రాక్షరసం. రెండు బల్లల దగ్గర తిన్న మనిషి ఏ బల్లకీ చెందదని ఆవిడ నమ్మకం. అలా తిన్న ఒళ్ళు లోపల్నుంచి కుళ్ళిపోతుందని కూడా నమ్మేది. కాలు బాగుపడింది నిజంగా బాగుపడటానికి కాదని, ఏదో ఇంకా రావలసి ఉందని ఆవిడ మనసుకి పట్టేసింది. ఆ రోజునుంచి మా ఇంట్లో పొయ్యి వెలిగించడానికి నాకు సిగ్గేసేది. ఆఫీసు దగ్గరే తినేసి, నోరు కడుక్కుని ఇంటికొచ్చేదాన్ని.

మూడోరోజు పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. సెలవు చెప్పి కారు తీశాను. పెద్దత్త వంటింట్లో బియ్యం డబ్బాకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. జాకెట్టు చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నా వంక చూసి, "అమ్మా, బాల్దీ నిండిపోనాది, పాలు ఒలికిపోతన్నాయి" అంది. ఎస్టేట్‌లో రబ్బరుపాలు గీసిన నాటి మాట అది. నన్ను చూసి వాళ్ళమ్మ అనుకుంటోంది. చక్కెర డబ్బా లాగి పిడికెడు తీసి నోట్లో పెట్టబోతే పళ్ళు బిగించేసింది. ఒళ్ళు తెలియకపోయినా ఉపవాసం మాత్రం గుర్తుంది. పెదవుల మీద చక్కెర అలాగే ఉండిపోయింది. పక్కింటివాళ్ళ వ్యానులో ఆసుపత్రికి చేర్చాం. గ్లూకోజు ఎక్కించిన అరగంటకి కళ్ళు తెరిచింది.

"ఏటి ఎక్కిస్తన్నారు?" అంది.

"గ్లూకోజు, పెద్దత్తా."

"నోట్లోంచి ఎల్లనేదు కదా?"

"లేదు."

"అయితే పర్లేదు లా. ఉపాసం పోనేదు" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అప్పుడు తెలిసింది, మూడురోజులూ అన్నం మానింది గాని చక్కెర బిళ్ళ మాత్రం పూట తప్పకుండా వేసుకుందని. ఎందుకు వేసుకున్నావంటే, డాక్టరుకి మాటిచ్చాను కదా, మాట తప్పితే అదింకో పాపం కాదా అంది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, బిళ్ళ వేసుకుంటే ఇలా అవుతుంది, బిళ్ళా తిండీ రెండూ మానేస్తే ఆ పుండు మానదు, ఇంకోసారి ఇలా పడిపోతే లేవకపోవచ్చు అని చెప్పాడు. ఇంటికి తెచ్చాక మా అయ్యగారిని పిలిపించాను. అంటే మా చర్చి పాస్టర్, మంచి మనిషి. తెలియక తిన్నది పాపం కాదమ్మా, దేవుడు ప్రాణం తీసుకోమనడు అని చెప్పి చూశాడు. "తెలీక తింటే ఇసం పని సేయదా అయ్యగారూ?" అంది పెద్దత్త. ఆయన ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. చివరికి ఆవిడే తీర్పు చెప్పింది. "రెండే దార్లు. ఇరవయ్యొక్క రోజులూ అయిపోవాలి. నేదంటే ఆ అంబలి గుడిది కాదని తేలాలి. తేలితే ఇప్పుడే తింతాను."

రెండో దారి వినగానే నా బుర్ర పని చెయ్యడం మొదలుపెట్టింది. నేను కాగితాల మనిషిని. ఓడలో వచ్చిన సరుకు ఒకటి, కాగితం మీద రాసింది ఇంకొకటి అయినప్పుడు, రెండూ ఒకటే అనిపించేలా ఉత్తరం రాయడం ముప్ఫై ఏళ్ళు నా ఉద్యోగం. బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్ళే దారంతా అలాంటి ఉత్తరమే మనసులో రాసుకున్నాను. చిన్నత్త గుడికి వెళ్ళేసరికి అండాలు ఖాళీ అయిపోయాయి. ఇంటికొచ్చి తనే చోడిపిండితో కాచింది. ఎండలో నిలబడలేక ఊరికే వచ్చేశావా అని మామయ్య సతాయిస్తాడని, గుడిదే అని ఆయనతో అబద్ధమాడింది. పెద్దత్త ఫోన్ చేసినప్పుడు మామయ్య పక్కనే ఉన్నాడు గనక నోరు విప్పలేకపోయింది. ఎక్కడా అతుకు కనబడటం లేదు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

చిన్నత్త వంటింట్లో కూర్చుని మునగాకు దూస్తోంది. నేను చెప్పినదంతా తల ఎత్తకుండా విన్నది.

"అమ్మోరు పేరు సెప్పి పోసినదాన్ని కాదనమంతావేటి?" అంది చివరికి.

"మాటవరసకే సిన్నత్తా. పెద్దత్త తినడానికి."

"ముప్పయ్యేల్లు తీసి ఎట్టినాను. దీపం సూపకముందు, సామికన్నా ముందు అప్పకి. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి అమ్మోరికిచ్చినాక అప్పకిచ్చినాను. మోకాలు దాకా కోసేత్తారంటే నన్నేటి సేయమంతావు? ఆ కాలు ఎవరిచ్చినారనుకున్నావు?" అప్ప అంటే మా వాళ్ళలో అక్క. "ఇచ్చినామెని నువ్వియ్యనేదని మొకమ్మీద సెప్పమంతావా? ఊరుకుంతాదా?"

నేనప్పుడు అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను. "ఊరుకోకపోతే ఏం చేస్తుందో నాకు తెలీదు. నువ్వు రాకపోతే ఏం జరుగుతుందో మాత్రం తెలుసు" అన్నాను. చిన్నత్త మునగాకు కొమ్మ కింద పెట్టి, చేతులు కడుక్కుని, చీర మార్చుకోకుండానే వచ్చి కారెక్కింది. మా వీధి మీదుగా ఎయిర్‌పోర్టుకి దిగే విమానాలు తక్కువ ఎత్తులో పోతాయి, ఒకటి పోతుంటే ఉలిక్కిపడింది.

పెద్దత్త మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఐదు రోజుల్లో మొహం చిన్నపిల్ల మొహమంత అయిపోయింది. చిన్నత్త గుమ్మంలోనే నిలబడి, నేను నేర్పినదంతా వరసగా ఒప్పజెప్పింది. అండాలు ఖాళీ, ఇంట్లో కాచాను, మామయ్యకి అబద్ధం చెప్పాను. ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు. పెద్దత్త అంతా విని, చెల్లెల్ని చూసింది. నా ఉత్తరం పనిచేసిందనే అనుకున్నాను. అప్పుడు పెద్దత్త, జీవితమంతా విగ్రహం అంటే రాయే, దాన్లో ఏమీ లేదు అని చెప్పిన మనిషి, ఇలా అంది.

"నీ అమ్మోరు మీద ఒట్టేసి సెప్పు సెల్లీ. ఆమె మీద నువ్వు అబద్దమాడవు."

ఈ ఒక్కటీ నేను రాసుకోలేదు. చిన్నత్త నా వంక చూసింది. వద్దని తల ఊపగలిగేదాన్నే నేను. వద్దు, పోనీ, నేనే నిజం చెప్పేస్తాను అనగలిగేదాన్నే. కాని పెద్దత్త మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనబడుతోంది, అది ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో కూడా కనబడుతోంది. నేను తల దించుకున్నాను. చిన్నత్త లోపలికి వచ్చి, కుడిచెయ్యి అక్క తల మీద పెట్టబోయి, మధ్యలో ఆగి, ఆ చెయ్యి తన తల మీదే పెట్టుకుంది.

"అమ్మోరు మీద ఒట్టు అప్పా. ఇంటి అంబలే."

పెద్దత్త బావురుమంది. చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని, "నిన్ను అనుమానపడినాను, సెమించే, ముప్పయ్యేల్లు నాకు తీసి ఎట్టినదాన్ని పట్టుకుని దొంగని సేసినాను" అని ఏడ్చింది. చిన్నత్త ఆ క్షమాపణ మొత్తం నిలబడి తీసుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, డబ్బాలో చోడిపిండి వెతికి, అప్పటికప్పుడు అంబలి కాచి తెచ్చి, చెంచాతో తాగించింది. ఈసారి అక్క గొంతు వంక చూడలేదు, గిన్నె వంకే చూసింది. నేను పోసిచ్చిన గిన్నె మాత్రం తను ముట్టలేదు, ఆకలి లేదంది.

తిరిగి క్లాంగ్ తీసుకెళ్తుంటే దారిలో తనే మాట్లాడింది. ఏడుపు లేదు, కోపం లేదు. "ఇంక అమ్మోరు ఊరుకోదు గుంటా. ఊరుకోకూడదు కూడా. అబద్దపు ఒట్టు అది. అప్ప మీదకి ఎల్లొద్దని సెప్పుకున్నాను. ఎవరి మీదకి రావాలో కూడా సెప్పుకున్నాను, తల మీద సెయ్యెట్టుకున్నప్పుడే." అలాంటివేమీ ఉండవు చిన్నత్తా అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు సదువుకున్నావు" అంది. అంతే అంది.

ఆ ఏడు దీపావళికి కూడా మా గిన్నె వచ్చింది, మూతకి ఎర్రదారంతోనే. కాని ఆ ఇంట్లో దీపం చూపింది మామయ్య. చిన్నత్త పూజగది గడప దాటడం లేదని, వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి దణ్ణం పెట్టుకుంటోందని, ఏమయిందో చెప్పడం లేదని ఆయనే నాతో అన్నాడు. చైనీస్ కొత్త సంవత్సరం సెలవులయ్యాక ఆవిడకి అన్నం సయించడం మానేసింది. రెండు ముద్దలు తింటే కడుపు బరువనేది. పరీక్షలు చేస్తే కడుపులో గడ్డ. ఆపరేషన్ చేస్తే అవకాశం ఉంది, ఆలస్యం చెయ్యొద్దు అన్నారు. చిన్నత్త ఒప్పుకోలేదు. కత్తి అంటే భయమని మామయ్య అనుకున్నాడు. ఎందుకు ఒప్పుకోలేదో తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఆ ఒట్టు నీది కాదు సిన్నత్తా, నేను వేయించాను. రావాలంటే నామీదకి రమ్మను. నువ్వు ఆపరేషన్ చేయించుకో" అన్నాను.

"నోరు ముయ్యి!" అంది. నా జీవితంలో ఆవిడ నన్ను కసిరింది ఆ ఒక్కసారే. పూజగది తలుపు వంక భయంగా చూసి, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాట ఇంకోపాలి అనకు. ఇంటాది."

పెద్దత్త బాగుపడ్డ కాలితో వారానికి మూడుసార్లు బస్సెక్కి క్లాంగ్ వెళ్ళి చెల్లెలి మంచం పక్కన కూర్చునేది. జావ కాచి చెంచాతో పట్టేది. ఆపరేషన్‌కి ఒప్పుకోవే అని బతిమాలేది, ప్రార్థన చేసేది, చిన్నత్త ఆ ప్రార్థనలకి అడ్డు చెప్పలేదు. ఒకరోజు పెద్దత్త, "నీకోసం మల్లీ ఉపాసం ఉంతాను" అంటే, చిన్నత్త మంచం మీంచి లేవలేకపోయినా చెయ్యి చాచి అక్క చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "తిను అప్పా. నాకోసం తిను. అదే సాలు" అంది. నేను గుమ్మంలో ఉన్నాను. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పెద్దత్త అన్నం మానేస్తుంది, ఈసారి ఎవరూ ఆపలేరు. చెప్పకపోతే చిన్నత్త అలాగే పోతుంది. చిన్నత్త దిండు మీంచి నా వంక చూసి, తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఆడి మాసం రాకముందే పోయింది.

ఆ గడ్డ కనీసం రెండేళ్ళుగా లోపల పెరుగుతూ ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. నేను కాగితాల మనిషిని అన్నాను కదా. రెండేళ్ళంటే ఒట్టుకంటే ముందు, అంబలికంటే ముందు, వేలు నల్లబడక ముందు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తేదీలు అలాగే వస్తాయి, నన్ను నిర్దోషి అనే చెబుతాయి. ఆపరేషన్ వద్దన్న సంగతి మాత్రం ఏ లెక్కలోనూ ఇమడదు. చిన్నత్తని నేను చంపానని అనుకోను. చంపలేదని కూడా గట్టిగా అనలేను. పెద్దత్తని బతికించానని మాత్రం తెలుసు, అది నా కళ్ళతో చూశాను.

ఆ ఒట్టు తర్వాత పెద్దత్త పదకొండేళ్ళు బతికింది. రెండుపూటలా తిన్నది, సొంత కాళ్ళ మీద చర్చికి నడిచింది, నెల నెలా ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంది. ఏటేటా సాక్ష్యం చెప్పడానికి లేచి, "దేవుడు నాకు ఏల్లు పొడిగించినాడు" అని అందరి ముందూ చెప్పి, కళ్ళు తుడుచుకునేది. పక్కనున్న నేను అందరితోపాటు ఆమెన్ అనేదాన్ని. రెండేళ్ళ కిందట నిద్రలోనే పోయింది, మొహంలో ఏ బెంగా లేదు. దేవుడిచ్చాడో, అమ్మోరు ఇచ్చిందో, ఆసుపత్రి ఇచ్చిందో నాకు తెలియదు. ఇచ్చింది ఎవరైనా, ఆ పదకొండేళ్ళూ చిన్నత్తవని మాత్రం తెలుసు.